జెర్డను దొర, కలివికోడి

స్కాట్లండు దేశమందలి అబెర్డీను విశ్వవిద్యాలయపు జంతుప్రదర్శనశాలలో ఒక పక్షిగ్రుడ్డు ఉన్నది. అది చాల ఏండ్లు ఎవరికంటను పడక ఊరకనే యుండెను. 2013వ సంవత్సరమున దాని సంగతి లోకమునకు తెలిసినది. దానిని సేకరించినవాడు మీటన్ అను పశువైద్యుడు. ఆయన ఉద్యోగము చేసిన చోటు మన కోలారు బంగారు గనులు. సేకరించిన సంవత్సరము 1917. గ్రుడ్డు ఏ పక్షిదో నిశ్చయించుటకు శాస్త్రజ్ఞులు దాని పెంకు లోపలినుండి వారసత్వ పదార్థమును తీసి, ఎన్నడో చచ్చి ప్రదర్శనశాలలో భద్రపరుపబడిన ఒక పక్షి చర్మముతో పోల్చి చూచిరి. రెండును సరిపోయినవి. ఆ జాతి గ్రుడ్డు అదివరకు ప్రపంచమున ఎచటను ఉన్నట్లు తెలియదు.

మన చదువరులలో అనేకుల తాతలు ఆ గనులలో దిగి పనిచేసినవారే. గనులు 2001లో మూతపడినవి. అందులోని బంగారము కథ అందరు నెరుగుదురు గాని, ఈ గ్రుడ్డు కథ ఎరిగినవారు కొలదిమంది. ఆ గ్రుడ్డు పెట్టిన పక్షిని తెలుగువారు కలివికోడి యందురు. కలివి పొదల నడుమ తిరుగుట చేత దానికి ఆ పేరు. ఆంగ్లమున మాత్రము దానికి ఒక వైద్యుని పేరు పెట్టిరి. ఆయన టామస్ కావర్‌హిల్ జెర్డన్. ఆయన తిరిగిన చోట్లు గంజాము, నెల్లూరు, తిరుచిరాపల్లి, జాల్నా, నీలగిరులు. తెలుగువారికి కొన్ని సొంత ఇండ్లు, కొన్ని పొరుగిండ్లు. అందుచేత ఈ సంచికలో ఆయన చరిత్ర చెప్పదలచితిమి.

జెర్డను 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమందలి డర్హాము మండలములో పుట్టెను. వంశము స్కాట్లండుది. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదువుటకు చేరి, అచట రాబర్టు జేమ్సను అను ఆచార్యుని ప్రకృతిశాస్త్ర పాఠములు వినెను. ప్లీనియన్ సొసైటీ అను విద్యార్థుల సంఘమున సభ్యుడయ్యెను. అంతకు రెండుమూడేండ్ల ముందు డార్విను కూడ ఆ ఆచార్యుని యెదుటనే కూర్చుండెను, ఆ సంఘములోనే పేరు వ్రాయించుకొనెను. డార్వినునకు ఆ పాఠములు విసుగు పుట్టించినవట. జెర్డనునకు అట్లు కానట్లున్నది. వైద్యము ఆయనకు అన్నము పెట్టినది. ప్రాణము మాత్రము పక్షులమీదనే నిలిచినది.

ఆనాడు చదువుకొని చేతిలో పైకము లేని స్కాట్లండు యువకులకు ఈస్టిండియా కంపెనీ కొలువే గతి. 1835 సెప్టెంబరులో జెర్డను కంపెనీవారి సహాయ వైద్యుడయ్యెను. ఓడనెక్కి, 1836 ఫిబ్రవరి 21వ తేదీన మద్రాసు రేవున దిగెను. వయస్సు ఇరువదినాలుగేండ్లు.

దిగిన వెంటనే ఆయనను గంజామునకు పంపిరి. నేడు ఒడిశాలో నున్న ఆ జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. గుంసూరు కొండలలో కంపెనీ సేనలు ఖోండులపై యుద్ధము సాగించుచుండెను. ఆ యుద్ధమును మనము మెచ్చుకొనవలసిన పనిలేదు. కొండదోమలు ఎవరి పక్షమును వహింపవు గదా. సిపాయిలు జ్వరములతోను, రక్తగ్రహణితోను పడిపోవుచుండిరి. వారికి మందులిచ్చుట జెర్డను పని. ఆ పనికి నడుమ దొరకిన తీరికవేళలలో ఆయన తూర్పు కనుమల పక్షులను చూచుటయు, కొట్టుటయు మొదలుపెట్టెను.

కొట్టుట యని వ్రాసినందులకు మా విద్యార్థులు ఉలికిపడకుందురు గాక. ఆ కాలమున పక్షిని పరిశీలించుట యనగా దానిని తుపాకితో కొట్టి, చర్మమొలిచి, దూది కూరి, కాలికి చీటి కట్టుట. దూరదర్శిని చేతబట్టి చెట్టు క్రింద నిలుచు వాడుక అప్పటికింకను రాలేదు. జెర్డను తన కాలపు మనిషి. ఆయన చరిత్రలో ఈ భాగమును దాచిపెట్టి చెప్పుట మాకిష్టము లేదు.

1837లో ఆయనను రెండవ అశ్వదళమునకు మార్చిరి. గుఱ్ఱపుదళము ఒక చోట నిలుచునది కాదు. దానితోపాటు తిరుచిరాపల్లి, దక్కను పీఠభూమిలో జాల్నా మొదలైన తావులు తిరుగుట జెర్డనునకు కలిసివచ్చెను. ఎన్ని మజిలీలో అన్ని క్రొత్త పక్షులు. ఆయన చర్మములను పోగుచేసి పెట్టెకెత్తి, స్కాట్లండులో పక్షిశాస్త్రజ్ఞుడుగా ప్రఖ్యాతి గన్న సర్ విలియం జార్డినుకు పంపెను. క్రొత్త జాతులేవో పాతవేవో ఆయన చూచి చెప్పునని ఆశ. పెట్టె ఆఫ్రికా ఖండమును చుట్టి, నెలల తరబడి సముద్రముమీద ప్రయాణము చేసి, జార్డిను ఇంటికి చేరెను. మూత తీసి చూడగా లోపల చిమ్మటలు నిండియుండెను. చర్మములను అవి తిని పాడుచేసినవి.

ఇది వినుటకు చిన్న సంగతి. రెండేండ్ల శ్రమ బూడిద యగుట ఎట్టిదో, పరీక్షకు వ్రాసికొన్న నోటుపుస్తకమును చెదలు తిన్న విద్యార్థికి తెలియును. పెద్దల తీర్పు కొఱకు మరియొక పెట్టె పంపి మరల ఏడాది కాచుకొనుట ఒక త్రోవ. జెర్డను ఆ త్రోవ పట్టలేదు. ఇకమీదట తన కన్నులనే నమ్ముకొందునని నిశ్చయించుకొని, ఉన్న పుస్తకములతో తానే పక్షులను పోల్చుకొని పేర్లు పెట్టసాగెను. అందువలన కొన్ని తప్పులు దొరలినవి. కాని 1839, 1840 సంవత్సరములలో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ఆయన ప్రకటించిన దక్షిణ ద్వీపకల్ప పక్షుల పట్టికలో 420 జాతులుండెను. అంతకుముందు కర్నల్ సైక్సు దక్కనులో చేసిన పట్టికకు ఇది ఇంచుమించు రెండింతలు. చిమ్మటలు చేసిన మేలని దీనిని చెప్పుకొనవచ్చును.

1841లో ఆయన ఫ్లోరా మాక్లియడ్ అను యువతిని వివాహమాడెను. ఆమెకు మొక్కలయందు, ముఖ్యముగా ఆర్కిడు జాతి పుష్పములయందు మక్కువ, చిత్రలేఖనము తెలిసినది. పక్షుల పిచ్చిగల మగనికి పూల పిచ్చిగల ఇల్లాలు దొరకుట అదృష్టమే. నీలగిరులకు పోయి వచ్చుచు జెర్డను అచటి పక్షులను కూడ తన పట్టికలో చేర్చుకొనుచుండెను.

ఆయన జీవితమున మనకు ముఖ్యమైన ఘట్టము తరువాత వచ్చినది. నెల్లూరునకు జిల్లా వైద్యుడుగా వేసిరి. అశ్వదళములో వలె తిరుగుట ఇక్కడ లేదు. సుమారు నాలుగేండ్లు ఆ ఊరనే యుండి, పెన్న ఇసుకతిన్నెలు మొదలు పడమటి కొండలదాక ఆ జిల్లాను తెలిసికొనెను. తెలిసికొన్నది ఎవరివలన? పుస్తకములవలన కాదు; ఆ పక్షులను గూర్చిన పుస్తకములు అప్పటికి లేవు. యానాదులవలన.

యానాదులు అడవి ఫలములు, తేనె, చేపలు, చిన్న వేట ఆధారముగా బ్రతికినవారు. పాముల జాడ, పక్షుల జాడ ఎరిగినవారు. ఊరివారు వారిని దూరముంచిరి. దొరలలో ఎక్కువమంది వారిని కూలికి మాత్రము పిలిచిరి. జెర్డను వారిని అడిగెను. ఈ పక్షి పేరేమి, ఎచ్చట నుండును, ఏమి తినును, ఏ నెలలో వచ్చును, ఏ నెలలో పోవును అని అడిగి, వారు చెప్పిన తెలుగు పేరును తన చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. తరువాతి కాలమున ఆయన గ్రంథములలో అనేక పక్షుల క్రింద లాటిను పేరు, ఆంగ్లపు పేరు, ఆ వెనుక హిందీ, బెంగాలీ, తెలుగు, తమిళ నామములు వరుసగా కనబడును. నూటయెనుబది ఏండ్లనాటి పక్షుల పేర్లు తెలుగున ఎట్లుండెనో తెలిసికొనగోరువారు నేడు జెర్డను పుస్తకమును విప్పవలసినదే. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రము ఆ పుస్తకమున లేవు.

నెల్లూరి రోజులలోనే ఆయన పక్షుల చిత్రములు గల గ్రంథమొకటి మొదలుపెట్టెను. 1843 నుండి 1847 వరకు భాగములుగా మద్రాసున వెలువడిన ఆ గ్రంథమున యాబది రంగుల పటములున్నవి. వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులే. ఈకలమీది సన్నని గీత, కంటిచుట్టు వలయము, గోటి వంపు ఏమరక దిద్దిన ఆ బొమ్మలను చూచినచో, తంజావూరు పటములను, కలంకారి వస్త్రములను దిద్దిన చేతులకు ఇది క్రొత్త విద్య కాదనిపించును.

నెల్లూరునకును కడపకును నడుమ తూర్పు కనుమల క్రింద రాళ్ళు, ముళ్ళపొదలు గల మెరకనేల ఉన్నది. గొప్ప అడవి కాదు, బయలు కాదు. అటువంటి తావున జెర్డనునకు ఒక పక్షి దొరకెను. కౌజుకన్న పెద్దది, అడుగుకన్న కొంచెము కురుచది; పొడవైన పాలిపోయిన కాళ్ళు, దేహమునకు మించిన పెద్ద కన్నులు, మట్టిరంగు వీపు. రొమ్మున రెండు అడ్డపట్టెలు, ఒకదాని క్రింద నొకటి, హారములు వేసికొన్నట్లు. ఆయన దానిని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను చూచుచుండిన ఎడ్వర్డు బ్లైతునకు తెలియజేసెను. బ్లైతు 1848లో దానిని శాస్త్రలోకమునకు క్రొత్తజాతిగా ప్రకటించి, రెండు హారములు గలదని అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. తరువాతివారు ఆంగ్లమున దానికి జెర్డను పేరు చేర్చిరి.

జెర్డను తన పుస్తకమున ఈ పక్షికి ఇచ్చిన తెలుగుపేరు కలివికోడి కాదు. ఆయన ఆంగ్లాక్షరములను కూడబలుకుకొని చదివినచో అది అడవి ఉత్త తిత్తి యని తేలును. అడవిలోని ఖాళీ సంచి యని ఆయనయే దానికి అర్థము చెప్పెను. పక్షి కూత ఆ మాటలవలె వినబడుట చేత ఎవరో వేటకాడు నవ్వుచు పెట్టిన పేరై యుండునని మా ఊహ. వట్టి సంచితో ఇంటికి మరలివచ్చు వేటకానిని పక్షి వెక్కిరించుచున్నదని కూడ అనుకొనవచ్చును! ఉత్త, తిత్తి అను రెండు మాటలును మన ఇండ్లలో ముసలివారి నోట నేటికిని వినబడును. కన్నడ సీమలో నూరేండ్లకు పైగా కాపురమున్న మనకు ఆ రెండు మాటలు తెలియుట, ఒక పక్షిపేరు అర్థమగుటకు సాయపడినది.

నెల్లూరినుండి ఆయనను పడమటి తీరమున తలచేరికి మార్చిరి. అచట పక్షులతోపాటు చేపలు, పాములు, చీమలు ఆయన దృష్టిలో పడినవి. దక్షిణదేశపు మంచినీటి చేపలను గూర్చి 1849లోను, చీమలను గూర్చి 1851లోను, ద్వీపకల్పమందలి సరీసృపములను గూర్చి 1853లోను పట్టికలు ప్రకటించెను. చీమలను గూర్చి అంత శ్రద్ధగా వ్రాసినవారు ఈ దేశమున ఆయనకు ముందు అరుదు. పొడవైన దవడలు గలిగి, బెదరించినచో మిడుతవలె గంతువేయు చీమను లోకమునకు మొదట వర్ణించి చెప్పినవాడు జెర్డనే. దాని శాస్త్రనామమున గంతువేయునది యను మాటను చేర్చెను; నేటికిని ఆ పేరే నిలిచియున్నది. రోగులను చూచి, సాయంకాలము చీమలపుట్టయొద్ద గొంతుకూర్చుండు జిల్లా వైద్యుని చూచి తలచేరివారు ఏమనుకొనిరో! ఆ చీమలకును మన పక్షికిని ఒక సంబంధము కలదు. అది ముందు చెప్పుదుము.

1857 నాటి తిరుగుబాటు కాలమున ఆయన మధ్యదేశమున సాగరుపట్టణములో సైన్యవైద్యుడుగా ఉండెను. పిమ్మట అనారోగ్యముచేత సెలవు తీసికొని డార్జిలింగునకు పోయెను. అప్పటికి ఆయన ఈ దేశమునకు వచ్చి ఇరువదేండ్లు దాటినది. దక్షిణము తెలిసినది, ఇప్పుడు హిమాలయము కంటబడినది. మొత్తము భారతదేశపు పక్షులను ఒక్క గ్రంథమున చేర్చవలెనని ఆయన కోరిక. అంతవరకు పక్షుల వివరములు లండను, కలకత్తా, మద్రాసు పత్రికలలో తునకలు తునకలుగా చెదరియుండెను. జిల్లాలలో నుండు ఉద్యోగికి ఒక పక్షి పేరు తెలిసికొనవలెనన్న సాధనము లేదు. గవర్నరు జనరలు కానింగు ప్రభువు ఆయనను ఆ పనికే ప్రత్యేకముగా నియమించెను. రోగుల నాడి చూచు పని తప్పినది. 1862, 1864 సంవత్సరముల నడుమ కలకత్తానుండి భారతదేశ పక్షులు అను ఆ గ్రంథము వెలువడినది. వెయ్యికి పైగా జాతులు, ప్రతిదానికి సంఖ్య, వర్ణన, ఉనికి, అలవాట్లు; అనేకములకు దేశభాషల పేర్లు.

ఈ గ్రంథము ఎంతగా వాడుకకు వచ్చినదో చెప్పుటకు ఒక్క సంగతి చాలును. కాంగ్రెసు మహాసభను 1885లో నెలకొల్పినవారిలో ముఖ్యుడు హ్యూము దొర యని మన పిల్లలు చదివియుందురు. ఆ హ్యూము గొప్ప పక్షిశాస్త్రజ్ఞుడు; తాను నడిపిన పక్షిపత్రికలో ఏ పక్షిని గూర్చి వ్రాసినను జెర్డను ఇచ్చిన సంఖ్యనే గుర్తుగా వాడెను. పక్షి పేరు మారవచ్చును గాని జెర్డను అంకె మారదన్నట్లు ఆనాటివారు వ్యవహరించిరి.

1867లో భారతదేశపు క్షీరదములను గూర్చిన గ్రంథమును రూర్కీలో అచ్చు వేయించెను. మరుసటి యేడు ఉద్యోగము విరమించెను. విరమించి ఊరకుండక అస్సామునకు పోయి, గౌహతిలో తీవ్రముగా జబ్బుపడెను. 1870లో ఇంగ్లండునకు మరలెను. ఆరోగ్యము తిరిగి రాలేదు. 1872 జూను 12వ తేదీన లండను సమీపమున అప్పర్ నార్వుడు అను చోట కన్నుమూసెను. అరువదియొకటవ ఏడు నిండలేదు. అందులో ముప్పదినాలుగేండ్లు ఈ దేశముననే గడచినవి. పడమటి కనుమలలోని ఒక చిన్న మొక్క, ఒక విషసర్పము, ఒక డేగ, ఒక పచ్చని ఆకుపిట్ట మొదలైనవి ఆయన పేరు మోయుచున్నవి.

మనిషి కథ అక్కడికి ముగిసినది. కాని ఆయన పేరు మోసిన పక్షులలో రెండుహారముల పక్షి కథ అప్పటికింకను మొదటి అధ్యాయమే దాటలేదు.

జెర్డను బ్రతికియుండగనే బ్లాన్‌ఫర్డు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో భద్రాచలము దగ్గర, సిరోంచ దగ్గర దానిని చూచెను. సిరోంచ నేడు మహారాష్ట్రములోనిది. అక్కడి తెలుగు పిల్లలు మన వంటివారే. 1900లో హోవర్డు క్యాంబెలు అనంతపురము సమీపమున చూచెను. అంతే. ఆ తరువాత ఎనుబదియైదేండ్లు శాస్త్రజ్ఞులెవ్వరికిని అది కనబడలేదు. 1917 నాటి కోలారు గ్రుడ్డు సంగతి ఎవరికిని తెలియదు గదా. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు వెదకిరి, అమెరికానుండి వచ్చినవారును వెదకిరి. అందరు పగటిపూట వెదకిరి. ఈ పక్షి పగలు పొద క్రింద మట్టిలో మట్టిగా అణగియుండి, చీకటి పడిన తరువాత మేతకు వెడలునని ఏ పుస్తకమునను లేదు. జెర్డను కూడ ఆ సంగతి వ్రాయలేదు. ఈ జాతి నశించినదని కొందరు నమ్మిరి.

1985లో బొంబాయి సంఘమువారు మరల ప్రయత్నము మొదలుపెట్టి, భరత్ భూషణ్ అను యువ శాస్త్రజ్ఞుని పంపిరి. ఆయన పక్షి బొమ్మ పట్టుకొని కడప జిల్లా పల్లెలలో తిరిగి, వేటలు ఎరిగినవారిని అడిగెను. నూటనలుబది ఏండ్లక్రిందట నెల్లూరి వైద్యుడు చేసినదియు ఇదియే. బొమ్మ చూచినవారిలో కొందరికి అది తెలిసిన పక్షియే! కలివికోడి యని పేరు కూడ చెప్పిరి. 1986 జనవరిలో ఒక రాత్రి, సిద్ధవటము ప్రాంతమున లంకమల కొండల దిగువ, ఐతన్న అను వేటకాడు దీపపు వెలుగున దానిని చూచెను. వెలుగు కంటబడగా పక్షి కదలక నిలిచినది. ఐతన్న దానిని చేతితో పట్టుకొని తెచ్చి శాస్త్రజ్ఞులకు అప్పగించెను. ఆ పక్షి ఎక్కువ దినములు బ్రతుకలేదు. కాని జాతి బ్రతికియున్నదని రుజువైనది. పక్షిశాస్త్ర పితామహుడు సలీం అలీకి అప్పుడు ఎనుబదితొమ్మిదేండ్లు. ఆ వార్త విని, మరుసటి యేడు ఆయన మరణించెను.

వార్త కొండనేలల విలువను మార్చివేసినది. అంతవరకు ఆ ముళ్ళపొదలను పనికిరాని పోరంబోకు అనుకొనిరి. 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అదే యేడు తపాలాశాఖవారు ఈ పక్షి బొమ్మతో బిళ్ళ వేసిరి. కృష్ణానీటిని మద్రాసు నగరమునకు చేర్చు తెలుగుగంగ కాలువ పక్షి తిరుగు నేలమీదుగా పోవలసియుండగా, దాని దారిని మార్చిరి. 2005 తరువాత మరల ఒకచోట యంత్రములు పొదలను పెరికివేసినవి. వివాదము పెద్దలదాక పోయి, మరియొకసారి దారి మార్చవలసి వచ్చెను. దాహముగొన్న ఊళ్ళకు నీరు వద్దని ఎవరనగలరు? నీరును పోవలెను, పక్షియు నిలువవలెను. కాలువను కొంత త్రిప్పుటతో ఆ రెండును సాధ్యమైనవి.

రాత్రివేళ తిరుగు పక్షిని చూడకయే లెక్కించుటకు శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయము మా విద్యార్థులకు నచ్చును. పొదల నడుమ నేలను పట్టీలుగా దువ్వి, మెత్తని మట్టి పరచి, తెల్లవారి వచ్చి అడుగుజాడలు చూచిరి. కలివికోడి కాలికి మూడే వ్రేళ్ళు, వెనుకవ్రేలు లేదు. ఆ గుర్తుతో దాని జాడను కౌజు, కంజుల జాడలనుండి వేరుపరచిరి. దారిలో కెమెరాలు పెట్టి, పక్షి దాటినపుడు తమంతట తామే బొమ్మ తీయునట్లు చేసిరి. రెట్టను పరిశీలించి ఆహారము తెలిసికొనిరి: చెదలు, చీమలు. తలచేరిలో జెర్డను గొంతుకూర్చుండి చూచిన చీమల సంగతి ముందు చెప్పుదుమంటిమి గదా. ఆయన పేరుగల పక్షికి అన్నము ఆ కుటుంబమునుండియే.

పొదలు మరీ దట్టమైనను పక్షి నిలువదు, మరీ పలుచనైనను నిలువదు. హెక్టారు నేలలో సుమారు 300 నుండి 700 పెద్ద పొదలున్న తావే దానికి హితవని పరిశోధనలో తేలినది. కట్టెలకు పొదలను నరికినను, మందలు మితిమీరి మేసినను, నేలను చదును చేసి తోటలు వేసినను, రాయి తవ్వినను ఆ లెక్క తప్పును. కట్టెలు కొట్టువారు పేదలు, మందలు తోలువారు పేదలు. వారిని దోషులని నిందించుట సులభము. ఐతన్న కూడ అటువంటివారి నడుమ పుట్టినవాడే యని మరువరాదు. పక్షి తమ నేలమీద ఉండుటవలన వారికి కూలియు, గౌరవమును దొరకినచోట పొదలు నిలిచినవి. అడవికావలికి, పరిశోధకులకు దారి చూపుటకు స్థానికులే కుదిరిరి.

2008 ప్రాంతము తరువాత కలివికోడి మరల కంటబడుట మానినది. ప్రపంచమున అత్యంత ప్రమాదస్థితిలోనున్న పక్షుల పట్టికలో అది చేరియున్నది. జెర్డను కాలమున నెల్లూరు, కడప, అనంతపురము, గోదావరి లోయ, కోలారు దాక విస్తరించిన జాతికి లంకమల పరిసరములు తప్ప వేరు తావు తెలియకపోయెను. ఒకసారి ఎనుబదియైదేండ్లు దాగినది గదా యని కొందరు ధైర్యము చెప్పుకొనిరి. పొదలు తరిగినవి గదా యని కొందరు నిరాశ పడిరి.

దాని కూత రెండు స్వరములది. ప్రొద్దుగ్రుంకి చీకటి చిక్కబడువేళ కొన్ని నిమిషములు మాత్రము వినబడి, తరువాత ఆగిపోవును. ఆ కొన్ని నిమిషములలో అక్కడ నుండి, మాటలాడక చెవియొగ్గినవారికే అది తెలియును. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రియులు ఆంధ్రదేశమున అట్లు చెవియొగ్గి నిలిచిరి. పొదల నడుమనుండి ఆ రెండు స్వరములు వినవచ్చినవి. వారు తెచ్చుకొన్న యంత్రములో ఆ కూత నమోదైనది.